హావ్‌లాక్ వద్దు, లాంగ్ ఐలాండ్ పోండి

అన్నా, వరంగల్ నుంచి అండమాన్‌కు అంతదూరం పోతే హావ్‌లాక్ దీవి (ఇప్పటి పేరు స్వరాజ్ ద్వీప్) రిసార్టుల కాడ జనమే జనం, ప్రశాంతమైన దీవి చెప్పమన్నరు కదా. నా మాటైతే లాంగ్ ఐలాండ్. రైల్ల చెన్నై, అక్కడి నుంచి పోర్ట్ బ్లెయిర్‌కు (ఇప్పటి పేరు శ్రీ విజయపురం) విమానం. అక్కడ ఫీనిక్స్ బే జెట్టీల లాంగ్ ఐలాండ్ పోయే సర్కారు ఓడ ఎక్కాలె. అది రోజూ ఉండదు, అందుకే ఓడ తారీఖు చూసినంకనే విమానం టికెట్ తీయండి. ఓడ దొరకకుంటే బస్సుల రంగత్ ఊరికి పోయి యెరట్టా జెట్టీ నుంచి పడవ పట్టుకోవచ్చు. ఆ బస్సు తొవ్వ జారవా ఆదివాసుల అడవిల నుంచి పోతది, ఫోటోలు అస్సలు తీయొద్దు, నేరం. లాంగ్ ఐలాండ్‌ల లాలాజీ బే బీచ్‌కు అడవిల నడవాలె, లేకుంటే డుంగీ (చిన్న పడవ) మాట్లాడుకోవాలె. నగదు పోర్ట్ బ్లెయిర్‌లనే తీసుకోండి. వానకాలం సముద్రం పొంగితే ఓడలు ఆగుతయి, తిరుగు విమానానికి ముందు ఒకరోజు ఖాళీగ ఉంచుకోండి.