కోరంగి మడ అడవిలో శబ్దాలు రికార్డు చేయడానికి ఫోన్ సరిపోతుందా?

ఒక్కో కూత పట్టుకోవడానికి ఫోన్ చాలు. వారాల తరబడి రాత్రీపగలూ వినాలంటే మాత్రం ఆడియోమాత్ లాంటి చిన్న రికార్డర్ కావాలి. 48 కిలోహెర్ట్జ్‌లో (సెకనుకు 48 వేల నమూనాలు), పది నిమిషాలకు ఒక నిమిషం చొప్పున పెడితే రోజుకు సుమారు 830 ఎంబీ. 32 జీబీ కార్డు నెల దాటి వస్తుంది. గబ్బిలాల సన్నటి కూతలకు ఇది చాలదు, ఆ రేటులో సగం, అంటే 24 కిలోహెర్ట్జ్ పైన ఏదీ పడదు.

ఇక్కడ పరికరాన్ని తినేసేవి ఉప్పుగాలి, పోటు. చెట్టు కాండం మీద బురద మరక ఎంతవరకు ఉందో చూసి, దానికి కనీసం రెండడుగులు పైన కట్టండి. డబ్బాలో సిలికా జెల్ పొట్లం వేయండి. మైకు దగ్గర ఆకు తగిలినా రికార్డంతా గరగరే.

కాలవలోకి హైడ్రోఫోన్ (నీటిలో పనిచేసే మైకు) దించితే నూనెలో ఆవాలు పేలినట్టు చిటపటలు వినిపిస్తాయి. ఒక జాతి చిన్న రొయ్యలు పంజా టక్కున మూసినప్పుడు పుట్టే నీటిబుడగ చిట్లే చప్పుడది.

అన్నిటికన్నా ముఖ్యం, రికార్డులు చేపల వేటకెళ్లేవాళ్లకు వినిపించడం. ఏ కూత దేనిదో, ఏ మోత ఏ పడవ ఇంజనుదో సాఫ్ట్‌వేర్ కంటే వాళ్లే బాగా చెబుతారు. ప్రతి క్లిప్‌కూ తేదీ, టైము, అప్పుడు నీరు పోటు మీదుందో పాటు మీదుందో రాయించండి. మనుషుల మాటలూ పడతాయి కాబట్టి ముందే ఊళ్లో చెప్పండి. అభయారణ్యం లోపలైతే అటవీశాఖ అనుమతి తీసుకోండి.