క్యాట్ పీకేయొద్దు, ముందు హోరు సంగతి చూడండి

టర్బో పెట్రోల్ కారుకి క్యాట్-బ్యాక్ (క్యాట్ తర్వాత నుంచి చివరి దాకా ఉండే ఎగ్జాస్ట్ పైపుల సెట్టు) వేయించాక చప్పుడు పెరిగిందే గానీ పికప్ పెరగలేదు, 2400 ఆర్‌పీఎం దగ్గర క్యాబిన్ అంతా హోరు, ఇప్పుడు క్యాట్, అంటే పొగలోని విషవాయువుల్ని తగ్గించే క్యాటలిటిక్ కన్వర్టర్, తీసేయించాలా అని కదా మీరు అడిగింది. వద్దండీ. పొగ పరీక్షలో కారు ఫెయిలవుతుంది, వాసన కారులోకే వస్తుంది, చెక్ ఇంజిన్ లైటు వెలుగుతూనే ఉంటుంది.

టర్బో కారులో గ్యాస్‌కి అసలు అడ్డు సాధారణంగా టర్బో వెనకే ఉన్న డౌన్‌పైపు, అందులోని క్యాట్. మీరు మార్చింది దాని తర్వాతి భాగం, అందుకే పవర్‌లో పెద్దగా తేడా తెలియలేదు. పవరే కావాలంటే హై-ఫ్లో క్యాట్ (గ్యాస్‌కి అడ్డు తక్కువగా ఉండే క్యాట్) ఉన్న డౌన్‌పైపు, దానికి తగ్గ ఈసీయూ ట్యూన్ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్ సెట్టింగుల మార్పు) రెండూ కలిపి చేయించండి. ట్యూన్ లేకుండా డౌన్‌పైపు ఒక్కటే వేస్తే బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) అదుపు తప్పే ప్రమాదం ఉంది.

ఇక హోరు. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో ఒక్కో చుట్టుకి రెండు పేలుళ్లు, అంటే 2400 దగ్గర సెకనుకి 80. ఆ 80 హెర్ట్జ్ మోతే మీ చెవులు తినేస్తున్నది. మామూలు రెసొనేటర్ (పైపులో చప్పుడు తగ్గించే డబ్బా) ఇంత తక్కువ ఫ్రీక్వెన్సీ మోతను పెద్దగా ఆపలేదు. మెయిన్ పైపుకి పక్కగా, చివర మూసేసిన జే-పైపు వెల్డింగ్ చేయిస్తే ఆ ఒక్క మోతే తగ్గుతుంది. పొడవు మీటరు పైమాటే, కింద చోటుందో లేదో ముందే కొలిపించండి. గ్యాస్ వేడిని బట్టి పొడవు మారుతుంది కాబట్టి కాస్త ఎక్కువే ఉంచి, నడిపి చూసి కోయించడం మేలు.

నేనైతే ముందు జే-పైపే వేయిస్తాను. డౌన్‌పైపు ఖర్చు తర్వాత ఆలోచించొచ్చు.