పర్మిట్ రాకముందే డేగని పట్టొచ్చా?

డేగలతో వేటాడే ఫాల్కన్రీ కోసం పరీక్ష పాసయ్యారు, దగ్గరుండి నేర్పే స్పాన్సర్ దొరకలేదు, ఈలోపు టెక్సస్‌లో మీరే ఒక రెడ్‌టెయిల్ (ఎర్రతోక) డేగని పట్టి ఉంచుకుందామనుకుంటున్నానని రాశారు. అలా మాత్రం చేయకండి. పర్మిట్ చేతికి రాకుండా డేగని పట్టడం అక్కడ నేరం.

స్పాన్సర్ కోసం మెయిల్స్ పెడుతూ కూర్చుంటే పని జరగదు. అక్కడి డేగవేటగాళ్ళ సంఘం, టెక్సస్ హాకింగ్ అసోసియేషన్ వాళ్ళ కలయికలకు వెళ్ళండి. వేటకు వెళ్ళేటప్పుడు వెంట వస్తానని అడగండి. పొదలు కొట్టి కుందేళ్ళను లేపే మనిషి వాళ్ళకెప్పుడూ కావాలి. రెండేళ్ళు మీకు నేర్పే బాధ్యత తీసుకోవాలంటే, ముందు మీ ఓపిక చూడాలిగా!

ఈలోగా డేగకు గది కట్టడం మొదలుపెట్టండి. పర్మిట్‌కు ముందు జరిగే తనిఖీలో అది పాసవ్వాలి.

పర్మిట్ వచ్చాక డేగని పట్టడానికి ఎక్కువమంది వాడేది బాల్‌ఛత్రి. మన దేశపు వేటగాళ్ళ నుంచి వెళ్ళిన పద్ధతే. చిన్న తీగ బోనులో ఎలుక, పైన నైలాన్ ఉచ్చులు. ఎలుక కోసం దిగిన డేగ కాలివేళ్ళు ఉచ్చులో పడతాయి, ఎలుకకేమీ కాదు. బోనుకు బరువు కట్టాలి, లేకపోతే డేగ దాంతో సహా ఎగిరిపోతుంది. బోను పెట్టాక కళ్ళు దానిమీదే ఉండాలి.

తోక ఇటుకరంగుకు మారిన పెద్దదాన్ని వదిలేయండి. గోధుమరంగు తోకమీద అడ్డచారలుంటే ఆ ఏడాది పిల్ల, మీకు కావలసింది అదే.

ఇండియాలో ఉన్న మీ తమ్ముడూ మొదలుపెడతానంటున్నాడన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం ఇక్కడ డేగని పట్టి పెంచకూడదు. అతన్ని ఆపండి.