గది తలుపేసుకుని పేపర్ రాయకండి

చేతిలో ఆరు వారాలు, రాయాల్సింది పన్నెండు పేజీల రీసెర్చ్ పేపర్, కనీసం ఎనిమిది పీర్ రివ్యూడ్ (అచ్చుకి ముందు అదే రంగంలోని నిపుణులు పరిశీలించిన) వ్యాసాలు చూపించాలి. ఎలా మొదలుపెట్టాలని ఇక్కడి యూనివర్సిటీకి కొత్తగా వచ్చిన మన పిల్లలు అడుగుతుంటారు. వెబ్‌సైట్ల పేర్లు అడుగుతారు, మంచి శాంపిల్ పేపర్ ఉందా అని అడుగుతారు. ఎవరిని కలవాలి అని మాత్రం ఒక్కరూ అడగరు. మొదటి పేపర్ పాడయ్యేది ఇంగ్లీషు రాకపోవడం వల్ల అనుకుంటారు గానీ, ఐదు వారాలు ఎవరితోనూ నోరు విప్పకుండా గదిలో కూర్చోవడం వల్లే ఎక్కువగా పాడవుతుంది. ఇక్కడ కుదురుకున్నవాళ్లంతా ఈ గండం దాటొచ్చినవాళ్లే, కాబట్టి కాస్త చనువుగానే చెబుతాం.

ముందు అసైన్‌మెంట్ కాగితం రెండుసార్లు చదివి అందులోని క్రియ కింద గీత గీయండి. వివరించమన్నారా, పోల్చమన్నారా, వాదించమన్నారా? వాదించమంటే మీరు ఏ పక్షమో తేల్చి చెప్పాలి. మనవాళ్లు సమాచారమంతా పోగేసి కుమ్మరిస్తారు, "ఇందులో మీ వాదన ఏది?" అన్న ఒక్క వ్యాఖ్యతో పేపర్ వెనక్కి వస్తుంది. రూబ్రిక్ (మార్కులు వేసే పట్టిక) ఇచ్చి ఉంటే మార్కులు దేనికి ఎన్నో అందులోనే ఉంటాయి.

ఇక అంశం. "సోషల్ మీడియా, యువత" అని పెట్టుకుంటే పన్నెండు పేజీల్లో ఈదలేరు. ఎవరు, ఎప్పుడు, దేనిమీద ప్రభావం అని కుదించుకుంటూ రండి. "పడుకునే ముందు ఫోన్ చూసే అలవాటు మొదటి ఏడాది విద్యార్థుల నిద్రను ఎలా మారుస్తుంది?" అంటే అది ప్రశ్న. అవును, కాదు అని ఒక్క మాటలో తేలిపోతే ప్రశ్న చిన్నది, దానిమీద పుస్తకాలకు పుస్తకాలే ఉంటే పెద్దది. ఇలాంటివి రెండు మూడు అర పేజీలో రాసుకుని మొదటి వారంలోనే ప్రొఫెసర్ ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. ఇబ్బంది పెడుతున్నామేమో అన్న మొహమాటం వద్దు, ఆ గంటలు మీకోసం పెట్టినవే. మనుషుల్ని సర్వే చేసే ఆలోచన ఉంటే ఎథిక్స్ కమిటీ అనుమతి కావాలేమో ఆరోజే అడగండి. కావాల్సి వస్తే సర్వే మొదలుపెట్టకముందే తీసుకోవాలి, దానికి వారాలు పట్టవచ్చు.

రెండో వారం లైబ్రేరియన్‌ది. పరిశోధన వ్యాసాలు వెతికే డేటాబేస్‌లో పదబంధాన్ని కొటేషన్ గుర్తుల మధ్య పెట్టడం, ఒకే అర్థమున్న మాటల మధ్య 'ఆర్', వేర్వేరు భావాల మధ్య 'యాండ్' వాడటం అరగంటలో నేర్పేస్తారు. ఒక మంచి వ్యాసం దొరికితే దాని రిఫరెన్సులు మిమ్మల్ని వెనక్కి తీసుకెళ్తాయి, గూగుల్ స్కాలర్‌లో 'సైటెడ్ బై' నొక్కితే ఆ తర్వాత వచ్చినవి కనబడతాయి. వ్యాసానికి డబ్బు కట్టమంటే కట్టకండి. లైబ్రరీ లాగిన్‌తో వెతకండి, అక్కడా లేకపోతే ఇంటర్‌లైబ్రరీ లోన్ పెట్టండి, వేరే లైబ్రరీ నుంచి తెప్పిస్తారు. రావడానికి కొన్ని రోజులు పట్టవచ్చు, అందుకే రెండో వారమే అంటున్నాం. వ్యాసాన్ని మొదటి నుంచి చివరిదాకా చదవకండి. అబ్‌స్ట్రాక్ట్ (మొదట్లో ఉండే సారాంశం), ముగింపు, పట్టికలు చూసి, పనికొస్తుందనుకుంటేనే మొత్తం చదవండి. ఇరవై తిరగేస్తే ఎనిమిదో పదో మిగులుతాయి.

అసలు ప్రమాదం నోట్స్‌లో ఉంది. చదువుతూ ఒక వాక్యం యథాతథంగా దించుకుంటారు, కొటేషన్ గుర్తులు పెట్టరు. మూడు వారాల తర్వాత అది మీ వాక్యమే అనిపిస్తుంది, పేపర్లోకి వచ్చేస్తుంది. కావాలని చేయలేదంటే ప్లేజియరిజం (వేరేవాళ్ల రాతను మనదిగా చూపించడం) కాకుండా పోదు. కాబట్టి దించినది గుర్తుల మధ్య, పక్కనే పేజీ నంబరు. సొంత మాటల్లో చెప్పినది విడిగా. మీ ఆలోచన వేరే రంగులో. నాలుగు మాటలు మార్చితే సొంత మాట కాదు. వ్యాసం మూసేసి, అర్థమైనది రాసి, తర్వాత తెరిచి పోల్చుకోండి. అప్పుడు కూడా సైటేషన్, అంటే ఎవరి నుంచి తీసుకున్నారో, ఇవ్వాల్సిందే. రిఫరెన్సులు దాచి జాబితా తయారుచేసే జొటేరో సాఫ్ట్‌వేర్ ఉచితం, వాడండి. కానీ అది తయారుచేసే రిఫరెన్సుల్లోనూ తప్పులు దొర్లుతాయి. మీకు చెప్పిన రిఫరెన్సుల పద్ధతి ఏపీఏ (ఇప్పుడున్నది 2019లో వచ్చిన ఏడో కూర్పు) అయితే 40 పదాలు, అంతకు మించిన ఉటంకింపును గుర్తులు లేకుండా, విడి పేరాగా, లోపలికి జరిపి పెట్టాలి. మిగతా నియమాలు వాళ్ల సైట్‌లో చూసుకోవచ్చు.

రాత్రి రెండింటికి, పక్కన మనిషి లేనప్పుడు, రెండు చెడ్డ ఆలోచనలు వస్తాయి. ఒకటి సీనియర్ అన్నయ్య పాత పేపర్. కాపీని పట్టే సాఫ్ట్‌వేర్ టర్నిటిన్‌లో అది అప్పటికే దాచి ఉండొచ్చు, దొరికితే ఇచ్చినవాడూ ఇరుక్కుంటాడు. రెండోది చాట్‌బాట్. అది లేని వ్యాసాలకు కూడా రచయిత, సంవత్సరం, పత్రిక పేరు కల్పించి ఇవ్వగలదు. డీఓఐ నంబరు (వ్యాసానికి ఇచ్చే ప్రత్యేక గుర్తింపు సంఖ్య) వేసి తెరిచి, కళ్లతో చూడనిదేదీ జాబితాలో పెట్టకండి.

నాలుగో వారంలో ఒక్కో పేరాకి ఒక్కో వాక్యం చొప్పున అవుట్‌లైన్. డబుల్ స్పేస్‌లో పేజీకి 275 పదాలనుకుంటే మొత్తం 3,300, పేరా 150 నుంచి 200 పదాలు, అంటే పదిహేడు నుంచి ఇరవై రెండు పేరాలే. చూశారా, అంత భయపడాల్సినదేమీ లేదు. మధ్య భాగం ముందు రాయండి, పరిచయం చివర్లో. ఒక్కో రచయితకి ఒక్కో పేరా కేటాయించి "ఈయన ఇలా అన్నారు, ఆవిడ అలా అన్నారు" అని పేర్చకండి. ఒక విషయం దగ్గర ఎవరు కలుస్తున్నారు, ఎవరు విడిపోతున్నారో చూపించండి.

ఐదో వారానికి రైటింగ్ సెంటర్‌లో (యూనివర్సిటీలో రాతకు సాయం చేసే చోటు) స్లాట్ ఈరోజే తీసుకోండి, సెమిస్టర్ చివర్లో ఖాళీ దొరకదు. వాళ్లు గ్రామర్ దిద్ది చేతికివ్వరు, చదివేవాళ్లు ఎక్కడ దారి తప్పుతున్నారో చెబుతారు. మీకు కావాల్సింది అదే. డ్రాఫ్ట్‌తో పాటు రూబ్రిక్ కూడా పట్టుకెళ్లండి.

వెనకబడితే గడువుకి ముందే మెయిల్ పెట్టండి. "ఐదు పేజీలయ్యాయి, మూడో భాగం దగ్గర ఆగిపోయాను, మూడు రోజులు ఇవ్వగలరా" అని లెక్కతో రాస్తే వినే అవకాశం ఎక్కువ. చివరి రోజు రిఫరెన్సులకు మాత్రమే: పేపర్లో ఉన్న ప్రతి పేరూ జాబితాలో ఉండాలి, జాబితాలో ఉన్నది పేపర్లోనూ ఉండాలి. అప్‌లోడ్ చేశాక వచ్చే రసీదు దాచుకోండి. మార్కులొచ్చాక ఆ వ్యాఖ్యలు పట్టుకుని మళ్లీ అదే ఆఫీస్ అవర్స్‌కి వెళ్లండి. ఈసారి తలుపు తట్టడానికి అంత జంకు ఉండదు.