హెచ్‌ఎస్‌ఏ తీసుకోండి, అమ్మగారి ఆపరేషన్‌కి మాత్రం అందులోంచి తీయకండి

ప్రశ్న: నాకు 41 ఏళ్లు. డాలస్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, జీతం ఏడాదికి 1,60,000 డాలర్లు. మా ఆవిడ స్కూల్లో పార్ట్‌టైమ్ చేస్తుంది, వాళ్ల దగ్గర తనకి ఎఫ్‌ఎస్‌ఏ (వైద్య ఖర్చులకని జీతంలోంచి పన్ను లేకుండా పక్కన పెట్టే డబ్బు) ఉంది. ఇద్దరు పిల్లలు, పెద్దవాడికి ఆస్తమా. 2026కి ఇన్సూరెన్స్ ఎంచుకోవాలి. ఇప్పుడున్న పీపీఓకి (మామూలు ఇన్సూరెన్స్ ప్లాన్) నెలకు 520 డాలర్లు కట్ అవుతుంది. డిడక్టిబుల్ (ఇన్సూరెన్స్ కట్టడం మొదలయ్యేలోపు మేమే భరించాల్సింది) 1,500, ఏడాదిలో మా జేబులోంచి గరిష్ఠంగా పోయేది 7,000. కొత్తగా ఇస్తున్న హెచ్‌డీహెచ్‌పీకి (డిడక్టిబుల్ ఎక్కువగా ఉండే ప్లాన్) నెలకు 310, డిడక్టిబుల్ 4,000, గరిష్ఠం 9,000. దాంతో పాటు వచ్చే హెచ్‌ఎస్‌ఏలో (వైద్యానికి పన్ను లేకుండా దాచుకునే ఖాతా) కంపెనీ 1,000 వేస్తుందట. రిటైర్‌మెంట్‌కి ఇంతకన్నా మంచిది లేదని ఫ్రెండ్స్ అంటున్నారు. 55 ఏళ్లకి ఇండియా వెళ్లిపోవాలని ఉంది. విజయవాడలో అమ్మకి మోకాలి ఆపరేషన్ చేయించాలి. దానికి ఈ డబ్బు వాడొచ్చా?

జవాబు: ముందు చెడ్డ ఏడాది లెక్క వేద్దాం. ఎవరైనా ఆసుపత్రిలో చేరి, గరిష్ఠం దాకా బిల్లు వచ్చిందనుకోండి. పీపీఓలో ప్రీమియం 6,240, దానికి 7,000 కలిపితే 13,240 డాలర్లు. హెచ్‌డీహెచ్‌పీలో ప్రీమియం 3,720, దానికి 9,000 కలిపి కంపెనీ ఇచ్చే 1,000 తీసేస్తే 11,720. ప్రీమియం పన్నుకి ముందే కట్ అవుతుంది కాబట్టి చేతికి కనిపించే తేడా ఇంతకన్నా తగ్గుతుంది. అయినా ముల్లు హెచ్‌డీహెచ్‌పీ వైపే. ఎవరికీ ఏ జబ్బూ రాని ఏడాది సంగతి చెప్పక్కర్లేదు. అందరి ఆఫీసుల్లోనూ లెక్క ఇలాగే తేలదు. మీకు మాత్రం తేలింది.

అబ్బాయి ఆస్తమా గురించి ఒక్క మాట. ఆస్తమాకి వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్లను డిడక్టిబుల్‌తో పని లేకుండా ఇవ్వడానికి అమెరికా పన్నుల శాఖ ఐఆర్‌ఎస్ 2019లోనే ప్లాన్లకు అనుమతి ఇచ్చింది. అనుమతే, తప్పనిసరి కాదు. అందుకని కొత్త ప్లాన్ మందుల లిస్టులో మీవాడి ఇన్‌హేలర్ పేరు ఉందేమో చూడండి. లేకపోతే దాని నెల ఖర్చు పై లెక్కలో కలపండి. టీకాలు, ఏడాదికోసారి చేసే చెకప్పులు ఎలాగూ ఉచితమే.

ఇక అసలు చిక్కు మీ ఆవిడ ఎఫ్‌ఎస్‌ఏ. మామూలు హెల్త్ ఎఫ్‌ఎస్‌ఏలో డబ్బు భర్త ఖర్చులకి కూడా పనికొస్తుంది. అందుకే అది ఉన్నంత కాలం మీకు హెచ్‌ఎస్‌ఏలో డబ్బు వేసే అర్హత ఉండదు. మీరు వాడారా లేదా అన్నది ఎవరూ అడగరు, ఉంటే చాలు. పాత ఏడాది మిగులు కొత్త ఏడాదికి బదిలీ అయినా ఇదే గొడవ. వాళ్ల స్కూలు హెచ్‌ఆర్‌తో మాట్లాడి దాన్ని ఆపించండి, లేదా పళ్లకీ కళ్లకీ మాత్రమే పనికొచ్చే లిమిటెడ్ పర్పస్ ఎఫ్‌ఎస్‌ఏగా మార్పించండి. పిల్లల డేకేర్ ఎఫ్‌ఎస్‌ఏ అయితే ఏ ఇబ్బందీ లేదు. మీరు ఫారం నింపేముందు తేల్చుకోవాల్సింది ఇదే.

2026లో కుటుంబానికి హెచ్‌ఎస్‌ఏ పరిమితి 8,750 డాలర్లు. కంపెనీ వేసే 1,000 కూడా ఇందులో భాగమే, కాబట్టి మీరు వేయగలిగేది 7,750. దాన్ని జీతంలోంచే కట్ చేయించుకోండి. అప్పుడు ఇన్‌కమ్ టాక్స్‌తో పాటు సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌ల కింద పోయే 7.65 శాతం కూడా మిగులుతుంది. 22 శాతం శ్లాబులో ఉన్న మీకు మొత్తం మీద దాదాపు 2,300 డాలర్లు ఆదా. అదే డబ్బు బ్యాంకులోంచి మీరే వేస్తే ఆ 7.65 శాతం తిరిగి రాదు. టెక్సాస్‌లో స్టేట్ ఇన్‌కమ్ టాక్స్ లేదు గనక మీకు ఆ బాధ లేదు. కాలిఫోర్నియా, న్యూజెర్సీలకి మారితే మాత్రం ఆ రాష్ట్రాలు ఈ మినహాయింపు ఇవ్వవు.

వరస ఇలా పెట్టుకోండి: ముందు 401కెలో (ఆఫీసు ద్వారా ఉండే రిటైర్‌మెంట్ ఖాతా) కంపెనీ మ్యాచ్, అంటే మీరు వేసినదానికి కంపెనీ కలిపే డబ్బు, పూర్తిగా వచ్చేంత, తర్వాత హెచ్‌ఎస్‌ఏ, ఆ తర్వాత మిగతా 401కె.

జనవరి, ఫిబ్రవరి నెలలు జాగ్రత్త. ఎఫ్‌ఎస్‌ఏలో ఏడాది మొత్తం డబ్బు మొదటి రోజే వాడుకోవచ్చు. హెచ్‌ఎస్‌ఏలో అప్పటిదాకా పడిన డబ్బే ఉంటుంది. నెలకు రెండు జీతాలైతే జనవరి చివరికి మీ వాటా 650 డాలర్లు కూడా దాటదు. అర్ధరాత్రి పిల్లాడికి ఆయాసం వచ్చి ఎమర్జెన్సీకి వెళ్తే బిల్లు వేలల్లో రావచ్చు. అందుకే డిడక్టిబుల్‌కి సరిపడా 4,000 డాలర్లు సేవింగ్స్‌లో విడిగా ఉంచండి. కొత్త ప్లాన్ మొదలైన రోజే ఖాతా తెరవండి, ఎందుకంటే తెరవకముందు అయిన ఖర్చులు లెక్కలోకి రావు.

మీ ఫ్రెండ్స్ చెప్పే రిటైర్‌మెంట్ కథకి మూలం ఒక రూలు. ఇవాళ్టి బిల్లు జేబులోంచి కట్టి రసీదు దాచుకుంటే, ఆ మొత్తాన్ని పదేళ్ల తర్వాతైనా పన్ను లేకుండా తీసుకోవచ్చు, గడువు లేదు. ఈలోగా ఖాతాలోని డబ్బు ఇండెక్స్ ఫండ్లలో పెరుగుతూ ఉంటుంది. బాగుంది కదా అని బిల్లులు క్రెడిట్ కార్డు మీద వేసి వడ్డీ కట్టేవాళ్లూ ఉన్నారు. అలా చేసేకన్నా హెచ్‌ఎస్‌ఏలోంచి కట్టేయడమే నయం. నన్నడిగితే మధ్యస్థంగా వెళ్లండి: ఏడాదికి 3,000 దాకా వైద్యానికి వాడుకుని, మిగతా 5,750 మదుపు చేయండి. ఏటా 6 శాతం వస్తుందనుకుంటే 14 ఏళ్లకి, అంటే మీకు 55 వచ్చేసరికి, సుమారు 1,20,000 డాలర్లు అవుతుంది. చాలా ఖాతాల్లో డబ్బు దానంతటదే మదుపు కాదు, మీరే లాగిన్ అయి ఫండ్ ఎంచుకోవాలి.

65 దాటాక ఏ ఖర్చుకైనా తీయొచ్చు. వైద్యానికి కాకపోతే 401కెలాగే ఇన్‌కమ్ టాక్స్ కడితే సరిపోతుంది. అంతకుముందు తీస్తే టాక్స్‌తో పాటు 20 శాతం పెనాల్టీ.

అమ్మగారి ఆపరేషన్‌కి తీస్తే పడేది ఆ పెనాల్టీయే. ఈ డబ్బు మీకు, మీ ఆవిడకి, పన్ను చట్టం ప్రకారం మీ మీద ఆధారపడినవాళ్లకి మాత్రమే. అమ్మగారిని పోషిస్తున్నది మీరే అయినా, ఆవిడ అమెరికా పౌరురాలో, పన్ను లెక్కల్లో అక్కడి రెసిడెంటో కాకుండా విజయవాడలోనే ఉంటే ఆ లెక్కలోకి రారు. 5,000 డాలర్లు తీశారనుకోండి, 22 శాతం పన్ను, 20 శాతం పెనాల్టీ కలిపి 2,100 పోతాయి. ఆ ఖర్చు మామూలు సేవింగ్స్‌లోంచి పంపండి. ఆవిడ ఇక్కడికి వచ్చినప్పుడు తీసుకునే విజిటర్ ఇన్సూరెన్స్ ప్రీమియం కూడా దీంట్లోంచి కట్టకూడదు.

మీ సొంత వైద్యం ఇండియాలో చేయించుకుంటే మాత్రం చెల్లుతుంది. సెలవుల్లో హైదరాబాద్ వెళ్లి రూట్ కెనాల్, క్యాప్ చేయించుకుంటే ఆ బిల్లు హెచ్‌ఎస్‌ఏలోంచి తీసుకోవచ్చు. పేరు, తేదీ, చేసిన పని, మొత్తం రాసి ఉన్న రసీదు అడిగి తీసుకోండి, ఆ రోజు డాలర్ రేటు పక్కన రాసుకోండి. చీటీ మీద అంకె ఒక్కటే వేసి ఇస్తే ఒప్పుకోకండి. విమానం టికెట్టు ఇందులో కలపొద్దు. అక్కడ మందుల షాపులో కొని సూట్‌కేసులో తెచ్చుకున్నవీ చెల్లవు.

ఇండియా వెళ్లిపోయాక కొత్తగా డబ్బు వేయలేరు, కానీ ఖాతా మీదే. అక్కడి మీ కుటుంబ వైద్యానికి తీసుకుంటే అమెరికా వైపు పన్ను ఉండదు. 65 ఏళ్లలోపు అక్కడి హెల్త్ పాలసీ ప్రీమియం మాత్రం దీంట్లోంచి కట్టలేరు. ఇండియాలో పూర్తి రెసిడెంట్ అయ్యాక ఈ ఖాతాని ఆదాయపు పన్ను రిటర్న్‌లో విదేశీ ఆస్తుల కింద చూపించాలి. అక్కడ పెరిగిన మొత్తం మీద పన్ను సంగతి రెండు దేశాల చట్టాలూ తెలిసిన సీఏతో వెళ్లకముందే మాట్లాడండి. విదేశీ అడ్రస్ ఉన్న ఖాతాలను మీ హెచ్‌ఎస్‌ఏ కంపెనీ కొనసాగిస్తుందో లేదో కూడా అప్పుడే అడగండి, ఒప్పుకోకపోతే ఇంకో కంపెనీకి నేరుగా బదిలీ చేయించుకోవచ్చు.

ఖాతా తెరిచిన రోజే నామినీగా మీ ఆవిడ పేరు రాయండి. భార్యకి చేరితే అది ఆవిడ హెచ్‌ఎస్‌ఏగా అలాగే కొనసాగుతుంది. పిల్లలకి చేరితే ఆ ఏడాదే మొత్తం వాళ్ల ఆదాయం కింద లెక్కకట్టి పన్ను వేస్తారు.