ఖాళీ గదిని నమ్మవద్దు

విజయనగరం

చిరంజీవి మనవరాలికి తాతయ్య ఆశీస్సులు.

బడి గదుల్లో రొదను తగ్గించి, మాట స్పష్టంగా వినిపించేలా చేయడంపై పరిశోధనకు చేరబోతున్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. ఆమె రెండుసార్లు చెబితేగాని నాకు అర్థం కాలేదు. అది నా చెవుల సంగతి. మన ఇంటి పిల్ల ఆ దారిన వెళుతోందని ఆ రాత్రంతా గర్వంగా ఉంది. తెల్లవారుజామున మాత్రం దిగులు పట్టుకుంది. ఆ దిగులుతోనే ఇది రాస్తున్నాను.

పరికరాన్ని కొలతకు ముందూ తరువాతా సరిచూసుకో. కిటికీలు తెరిచి ఉన్నాయా, ఎన్ని ఫ్యాన్లు తిరుగుతున్నాయి అన్నది నోటుపుస్తకంలో రాసుకో. హెడ్మాస్టరుకు చెప్పనిదే గదిలో అడుగు పెట్టకు. ఇవన్నీ మీ గైడు ఎలాగూ చెబుతారు.

ఆయన చెప్పకపోయినా వినవలసిన మాట ఒకటుంది. ప్రతినాద కాలం, అంటే శబ్దం ఆగాక గదిలో దాని మోత అణగడానికి పట్టే సమయం, కొలవడానికి బెలూన్లు పేల్చేటప్పుడు చెవులు మూసుకునే సాధనం తప్పక పెట్టుకో. ఒక్క బెలూనుకు ఏమవుతుందని నవ్వకు. గదికి పది చొప్పున నీవు ఎన్ని గదులు తిరుగుతావో ఆలోచించు. మా నాన్న, అంటే మీ ముత్తాత, జూట్ మిల్లులో మగ్గాల దగ్గర పనిచేశాడు. అక్కడ చెవిలో దూది పెట్టుకున్నవాడైనా లేడు. రోజుకు 8 గంటలు 85 డెసిబెళ్ల మోత వింటే చెవులకు ముప్పని నేను చదివేసరికి ఆయన వినికిడి ఎప్పుడో పోయింది. ముందుగా పోయేవి సన్నని, అంటే కీచు, శబ్దాలు. అందువల్ల మనిషి తనకు చెవుడు వస్తోందనుకోడు, ఎదుటివాళ్లు గొణుగుతున్నారనుకుని కసురుకుంటాడు. మా చిన్నతనమంతా ఆ కసుర్లతోనే గడిచింది. నీవు మొండిదానివని నాకు తెలుసు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక నా తప్పు సంగతి. 1986లో నేను జూనియర్ ఇంజనీరుగా ఉన్నప్పుడు, శ్రీకాకుళం జిల్లా సముద్రపు ఒడ్డున ఒక ఊళ్లో తుఫాను షెల్టరులోనే బడి నడిచేది. మీ అమ్మమ్మ, అంటే మా అక్క, అక్కడ టీచరు. గది 12 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు, మూడున్నర మీటర్ల ఎత్తు; చుట్టూ నున్నటి సిమెంటు గోడలు, పైన శ్లాబు. "నేనేటి చెప్తున్నానో, పిల్లలకి ఏటి వినబడతందో తెలీట్లేదురా తమ్ముడూ" అని అక్క వాపోయింది. అప్పటికే నేను అమెరికా భౌతిక శాస్త్రవేత్త సబీన్ గురించి చదివి ఉన్నాను. 1895లో హార్వర్డ్‌లో ఒక ఉపన్యాస మందిరంలో మాట అయిదున్నర సెకన్ల పాటు మోగుతూ ఉంటే, ఆయన పక్క థియేటరు నుంచి కుర్చీ మెత్తలు మోయించి, రాత్రిళ్లు ఆర్గాన్ గొట్టం ఊది, గడియారంతో కొలిచి సూత్రం తేల్చాడు: గది ఘనపరిమాణాన్ని 0.161తో గుణించి మొత్తం శోషణతో, అంటే గదిలోనివన్నీ కలిసి శబ్దాన్ని మింగే లెక్కతో, భాగిస్తే ప్రతినాద కాలం వస్తుంది. నేనూ ఆయనలాగే వేసవి సెలవుల్లో ఆ గదికి వెళ్లి, చప్పట్లు కొట్టి, స్టాప్‌వాచీతో చూస్తే దాదాపు 3 సెకన్లు వచ్చింది. వెంటనే కొబ్బరిపీచు పట్టాలు తెప్పించి మూడు గోడలకూ, శ్లాబు అడుగునంతటికీ కొట్టించాను. చప్పట్లు కొడితే శబ్దం దూదిలో పడ్డట్టు అణిగిపోయింది. అక్క చేత కాఫీ పెట్టించుకుని తాగి, గొప్పగా సైకిలెక్కాను.

జూన్‌లో అరవై మంది పిల్లలు వచ్చి కూర్చున్నారు. ఒక్కొక్క పిల్లా శబ్దాన్ని మింగే ఒక చిన్న మెత్తే. సబీన్ మనుషులను కూడా లెక్కలో వేసుకున్నాడు, నేను మరిచిపోయాను. పైగా పలుచని పట్టా సన్నని శబ్దాలను మింగి, బొంగురు మోతను వదిలేస్తుంది; స, చ, త వంటి హల్లుల బలమంతా ఆ సన్నని శబ్దాల్లోనే ఉంటుంది. అన్నిటికన్నా పెద్ద తప్పు శ్లాబును కప్పేయడం. దాని నడిమి భాగం టీచరు మాటను వెనక బెంచీలకు మోసుకుపోయే పల్లకి. నేరుగా వచ్చిన మాట వెంటే, సెకనులో ఇరవయ్యో వంతు లోపల చేరే ప్రతిఫలనం ఆ మాటకు బలమే ఇస్తుంది తప్ప చెరుపు చేయదు. ఆ పల్లకిని విరగ్గొట్టి, నేనే అక్కను గొంతు పెంచమన్నట్టయింది. దసరా నాటికి ఆమె గొంతు బొంగురుపోయింది. సంక్రాంతికి స్వరతంత్రుల మీద బుడిపెలు వచ్చాయని డాక్టరు చెప్పాడు. ఆ తరువాత ఆ గొంతు మునుపటిలా ఎన్నడూ పలకలేదు. ఆమె అది తన వయసు వల్లనే అనుకుంది, నేనూ అనుకోనిచ్చాను.

కాబట్టి పిల్లలు కూర్చుని ఉండగా కూడా కొలువు. ఖాళీ గదిలో ప్రతినాద కాలం 0.6 సెకను, రొద 35 డెసిబెళ్లు మించకూడదనే అమెరికా ప్రమాణం మంచిదే. అయితే అది కిటికీలు మూసి, నిశ్శబ్దంగా గాలి ఆడించగలిగే గదులను తలచుకుని పెట్టిన గీత. ఎంత మందపు గోడైనా అందులో నూరో వంతు తెరిచి ఉంటే 20 డెసిబెళ్లకు మించి ఆపలేదని నీకు పాఠంలో చెబుతారు. మన ఉక్కపోతలో కిటికీలు మూయమంటే ఆ పిల్లల ఉసురు తగులుతుంది. రొదను పుట్టిన చోటే, ఫ్యాను బేరింగులోనూ బెంచీ కాళ్ల కిందా, ఆపే దారి చూడు.

మాట తెలిసిందో లేదో పరీక్షించడానికి ఇంగ్లీషు పదాల జాబితాలను తెలుగులో రాసి వాడకు. వాటిలో చాలా పదాలకు చివరి హల్లే కీలకం, మన పదాలు చాలామటుకు అచ్చుతో ముగుస్తాయి. మన చిక్కు ద్విత్వాల దగ్గర. గుడి, గుడ్డి, అటు, అట్టు. ద్విత్వంలో నాలుక ఆగిన ఆ చిన్న మౌనాన్ని ముందరి అచ్చు మోత నింపేస్తే పిల్లవాడికి గుడ్డి కాస్తా గుడి అయిపోతుంది. డిక్టేషన్ పుస్తకాలు తిరగేసి, ఆ తప్పులు ఏ బెంచీ వాళ్లవో చూడు.

నా తప్పు రాసిన భాగాన్ని మీ అమ్మమ్మకు దగ్గర కూర్చుని చదివి వినిపించు. ఆమె గొంతు పెగలదు, నా చెవి అందుకోదు. ఫోనులో మాకు కుదిరే పని కాదు. ఆమె ఏమన్నదో, తిట్టినా సరే, ఉన్నది ఉన్నట్టు కాగితం మీద రాసి పంపు.

ఇట్లు,
తాతయ్య