ఆఫ్రికా నుంచి కాఫీ గింజలు: అడ్వాన్స్ పంపే ముందు ఒప్పందం ఉండాలి

ప్రశ్న: లాయర్ గారూ, నేను కాఫీ గింజలు వేయించి అమ్మే చిన్న యూనిట్ నడుపుతున్నాను. ఇప్పటిదాకా టోకు వ్యాపారి దగ్గరే కొన్నాను. ఇప్పుడు ఇథియోపియా ఎగుమతిదారు ఒకరి దగ్గర నుంచి ఒక కంటైనర్ పచ్చి గింజలు నేరుగా తెప్పించుకుందామనుకుంటున్నాను. ఆయన పంపిన శాంపిల్ చాలా బాగుంది. ప్రొఫార్మా ఇన్‌వాయిస్ పంపి 30 శాతం అడ్వాన్స్ వేయమంటున్నారు, మిగతాది సరుకు ఓడ ఎక్కాక ఇవ్వాలట. వేరే ఒప్పందం అక్కర్లేదు, ఇన్‌వాయిసే చాలంటున్నారు. ఏయే కాగితాలు కావాలి? ఎన్నాళ్లు పడుతుంది? ఖర్చు ఎంత? అడ్వాన్స్ వేయవచ్చా?

జవాబు: ఇప్పుడే వేయకండి. ఆ ఎగుమతిదారు మంచివారు కాదని నేను అనడం లేదు. రేపు తేడా వస్తే ఆయన్ని నిలదీయడానికి మీ చేతిలో ఏ కాగితమూ లేదు. ప్రొఫార్మా ఇన్‌వాయిస్‌లో ధర ఉంటుంది, బరువు ఉంటుంది, బ్యాంకు ఖాతా నంబర్ ఉంటుంది. గింజలు శాంపిల్‌లా లేకపోతే ఏం చేయాలో, ఓడ రెండు నెలలు ఆలస్యమైతే ఎవరు భరించాలో, తగువు వస్తే ఎక్కడ తేల్చుకోవాలో అందులో ఉండవు. తెలిసో తెలియకో చాలామంది అక్కడే దెబ్బ తింటున్నారు.

ఇందుకోసం మీరు పాతిక పేజీల ఒప్పందం రాయించనక్కర్లేదు. పచ్చి కాఫీ వ్యాపారానికి ప్రపంచమంతా వాడే నమూనా ఒప్పందాలు ఉన్నాయి. ఒకటి యూరోపియన్ స్టాండర్డ్ కాంట్రాక్ట్ ఫర్ కాఫీ, ఇంకొకటి న్యూయార్క్‌లోని గ్రీన్ కాఫీ అసోసియేషన్ వాళ్ల కాంట్రాక్ట్. ఒక పేజీలో మీ బేరం వివరాలు రాసి, కింద "మిగతా షరతులన్నీ ఫలానా నమూనా ఒప్పందం ప్రకారం, తగువు వస్తే ఫలానా నగరంలో ఆర్బిట్రేషన్" అని ఒక్క వాక్యం చేర్చి, ఇద్దరూ సంతకం పెడితే సరిపోతుంది. ఆర్బిట్రేషన్ అంటే కోర్టుకు బదులు ఇద్దరూ ఒప్పుకున్న మధ్యవర్తి తీర్పు చెప్పడం. ఇథియోపియా 2020లో న్యూయార్క్ కన్వెన్షన్‌లో చేరింది. విదేశీ ఆర్బిట్రేషన్ తీర్పులను అమలు చేయించుకోవడానికి 1958లో వచ్చిన ఒడంబడిక ఇది. కెన్యా, ఉగాండా, టాంజానియా, రువాండా అంతకు ముందే చేరాయి. కాబట్టి ఈ దేశాల్లో ఆ ఒక్క వాక్యానికి నిజంగా బలం ఉంది.

ఆ ఒక్క పేజీలో ఏముండాలంటే, ముందు సరుకు గురించి. "ఇథియోపియా కాఫీ" అంటే చాలదు. ఏ ప్రాంతం, ఏ గ్రేడ్, కడిగి ఆరబెట్టినదా లేక పండుతోనే ఆరబెట్టినదా, ఏ పంట సంవత్సరం, తేమ శాతం ఎంతకు మించకూడదు, ఇవన్నీ రాయాలి. పంట సంవత్సరం రాయకపోతే నిరుడు గోదాంలో మిగిలిన గింజలు వచ్చినా మీరు కాదనలేరు. ఇక, మీకు నచ్చిన ఆ శాంపిల్ ఉంది చూశారూ, అది ఆయన చూపించిన శాంపిల్ మాత్రమే. మీ కంటైనర్‌లోకి వెళ్లబోయే బస్తాల్లోంచి తీసిన శాంపిల్ వేరు. దాన్నే ప్రీ షిప్‌మెంట్ శాంపిల్ అంటారు. అది మీకు చేరి, మీరు రుచి చూసి, సరేనన్నాకే బేరం ఖాయమయ్యేలా "సబ్జెక్ట్ టు అప్రూవల్ ఆఫ్ శాంపిల్, నో అప్రూవల్ నో సేల్" అనే షరతు పెట్టించండి. కాఫీ వ్యాపారంలో ఇది మామూలుగా వాడే మాటే, ఎగుమతిదారు తప్పుగా అనుకోరు. ఒద్దంటే మాత్రం ఎందుకొద్దంటున్నారో ఆలోచించాలి.

డబ్బు సంగతి. మొదటి బేరానికి నేనైతే "క్యాష్ అగైనెస్ట్ డాక్యుమెంట్స్" అడగమంటాను. ఆయన సరుకు ఓడ ఎక్కించి, ఒరిజినల్ కాగితాలు తన బ్యాంకు ద్వారా మీ బ్యాంకుకు పంపుతారు. మీరు డబ్బు కడితేనే బ్యాంకు ఆ కాగితాలు మీ చేతికిస్తుంది. ఇందులో లోటు లేకపోలేదు. గింజలు చూడకుండానే డబ్బు కడతారు, అందుకే పైన చెప్పిన శాంపిల్ షరతుతో పాటు స్వతంత్ర తనిఖీ సంస్థ ఇచ్చే బరువు, నాణ్యత సర్టిఫికెట్ కూడా కాగితాల జాబితాలో రాయించాలి. రెండో దారి లెటర్ ఆఫ్ క్రెడిట్, అంటే అడిగిన కాగితాలు సరిగ్గా చూపిస్తే ఆయనకు డబ్బు చెల్లిస్తానని మీ బ్యాంకు ఇచ్చే హామీ. దీనికి బ్యాంకు చార్జీలు ఎక్కువ, కానీ పెద్ద మొత్తాలకు నయం. దీన్ని నడిపే యూసీపీ 600 నియమాలు 2007 నుంచి ఉన్నాయి. వాటి ప్రకారం బ్యాంకు చూసేది కాగితాలను మాత్రమే, సరుకును కాదు. కాగితాలు సరిగ్గా ఉంటే బస్తాల్లో రాళ్లున్నా బ్యాంకు డబ్బు చెల్లిస్తుంది. కాబట్టి ఏ కాగితం కావాలో, అందులో ఏం రాసి ఉండాలో ముందే మీరు చెప్పాలి.

అడ్వాన్స్ తప్పదని ఆయన పట్టుబడితే, ప్రీ షిప్‌మెంట్ శాంపిల్ మీరు ఓకే చేశాక ఇస్తానని, దానికి ఆయన బ్యాంకు నుంచి అడ్వాన్స్ పేమెంట్ గ్యారంటీ, అంటే ఆయన సరుకు పంపకపోతే అడ్వాన్స్ తిరిగి ఇస్తానని బ్యాంకు రాసిచ్చే హామీ, కావాలని అడగండి. ఖాతా ఆయన కంపెనీ పేరు మీదే ఉండాలి, ఆయన దేశంలోనే ఉండాలి. "మా ఖాతా మారింది, ఈ కొత్త నంబర్‌కు వేయండి" అని మధ్యలో మెయిల్ వస్తే, మీకు ముందు నుంచీ తెలిసిన నంబర్‌కు ఫోన్ చేసి మాట్లాడకుండా ఒక్క డాలర్ కూడా పంపకండి. మెయిల్ హ్యాక్ చేసి ఇలా దోచుకునే ముఠాలు ఉన్నాయి, పోయిన డబ్బు తిరిగి రావడం చాలా కష్టం. ఆయన ఎగుమతి లైసెన్స్ నంబర్ అడిగి, ఇథియోపియా కాఫీ అండ్ టీ అథారిటీ దగ్గర సరిచూసుకోండి. ఉగాండా సరుకైతే ఒక మార్పు గుర్తుంచుకోవాలి. అక్కడి కాఫీ అథారిటీని 2024లో చట్టం మార్చి వ్యవసాయ శాఖలో కలిపేశారు, కాబట్టి ఎవరైనా పాత సంస్థ పేరుతో కొత్త సర్టిఫికెట్ చూపిస్తే అనుమానించండి.

ఇప్పుడు కాగితాలు. అన్నిటికన్నా ముఖ్యమైనది బిల్ ఆఫ్ లేడింగ్, అంటే సరుకు తీసుకున్నట్టు ఓడ కంపెనీ ఇచ్చే రసీదు. ఒరిజినల్ బిల్లు ఎవరి చేతిలో ఉంటే సరుకు వారిది. సాధారణంగా మూడు ఒరిజినల్స్ ఇస్తారు, మూడూ అడగండి. "క్లీన్ ఆన్ బోర్డ్" అని ఉండాలి. అంటే సరుకు పైకి బాగానే కనిపిస్తూ ఓడ ఎక్కిందని అర్థం. దీంతో పాటు కమర్షియల్ ఇన్‌వాయిస్, ప్యాకింగ్ లిస్ట్, బరువు సర్టిఫికెట్, ఇన్సూరెన్స్ పత్రం, పురుగు చావడానికి మందు పొగ పెట్టినట్టు చూపే ఫ్యూమిగేషన్ సర్టిఫికెట్, ఫైటో సర్టిఫికెట్ ఉంటాయి.

ఈ ఫైటో సర్టిఫికెట్ దగ్గర కాస్త ఆగాలి. గింజల్లో పురుగు, తెగులు లేవని ఎగుమతి దేశపు మొక్కల సంరక్షణ విభాగం ఇచ్చే పత్రం ఇది. చాలా దేశాల్లో ముందుగా దిగుమతి పర్మిట్ తీసుకోవాలి, ఆ పర్మిట్‌లో అడిగిన వాక్యాలు ఈ సర్టిఫికెట్‌లో పొల్లుపోకుండా ఉండాలి. నా దగ్గరికి వచ్చిన ఒక కేసులో బిల్ ఆఫ్ లేడింగ్‌లో 320 బస్తాలు, ఫైటోలో 302 అని ఉంది. టైపింగ్‌లో రెండు అంకెలు తారుమారయ్యాయి, అంతే. సరిదిద్దిన ఒరిజినల్ కొరియర్‌లో వచ్చేదాకా కంటైనర్ పోర్టులోనే ఉండిపోయింది. రోజురోజుకూ అద్దె పెరిగింది. ఆ మనిషి నా ఎదురుగా కూర్చుని ఆ రెండు కాగితాలనూ పక్కపక్కన పెట్టి చూస్తూ ఉండిపోయారు. అందుకే చెబుతున్నాను, ఓడ కదలకముందే అన్ని కాగితాల డ్రాఫ్ట్ కాపీలు మెయిల్‌లో తెప్పించుకుని, బస్తాల సంఖ్య, బరువు, కంటైనర్ నంబర్, సీల్ నంబర్, మీ కంపెనీ పేరు స్పెల్లింగ్ వేలు పెట్టి సరిచూడండి. ఫైటో, ఫ్యూమిగేషన్ తేదీలు కూడా చూడండి. ఓడ వెళ్లిపోయాక వేసిన తేదీ ఉంటే కస్టమ్స్ వాళ్లు ప్రశ్నిస్తారు.

"సర్టిఫికెట్ ఆఫ్ ఆరిజిన్" అనే పేరుతో రెండు వేర్వేరు కాగితాలు ఉంటాయి. ఒకటి లండన్‌లోని ఇంటర్నేషనల్ కాఫీ ఆర్గనైజేషన్ పద్ధతిలో ఎగుమతి దేశం ఇచ్చేది. బస్తాల మీద ముద్రించే దేశం కోడ్, ఎగుమతిదారు కోడ్, లాట్ నంబర్ ఇందులో ఉంటాయి. ఇథియోపియా కోడ్ 010. ఈ సర్టిఫికెట్ సుంకం తగ్గించదు. సుంకం రాయితీకి పనికొచ్చేది వేరే ఆరిజిన్ సర్టిఫికెట్, మీ దేశానికీ ఆ దేశానికీ ఉన్న ఏర్పాటును బట్టి దాని ఫారం మారుతుంది. ఇథియోపియా, ఉగాండా, టాంజానియా, రువాండా ఐక్యరాజ్యసమితి అత్యల్పాభివృద్ధి దేశాల జాబితాలో ఉన్నాయి, కెన్యా లేదు. అంటే ఆ జాబితా చూసి ఇచ్చే రాయితీ ఒక దేశపు గింజలకు వచ్చి పక్క దేశపు గింజలకు రాకపోవచ్చు. ఇది తెలియక ధర లెక్క వేసుకుంటే లాభమంతా సుంకంలో పోతుంది.

మీరు గింజలు ఏ దేశంలో దింపుకుంటారో రాయలేదు. అందుకని సుంకం రేటు నేను చెప్పలేను. మీ కస్టమ్స్ బ్రోకర్‌ను రాతపూర్వకంగా ఈ సంగతులు అడగండి: వేయించని, కెఫిన్ తీయని కాఫీకి 0901.11 కోడ్ కింద సుంకం ఎంత, దిగుమతిదారుగా ఏ రిజిస్ట్రేషన్ కావాలి, పర్మిట్ సరుకు బయల్దేరక ముందే తీసుకోవాలా, ఆహార భద్రతా అధికారులు పురుగుమందుల అవశేషాలు పరీక్షిస్తారా. యూరోపియన్ యూనియన్ అయితే 2023/1115 అనే అడవుల నియంత్రణ చట్టం కూడా ఉంది. 2020 డిసెంబర్ 31 తర్వాత అడవి నరికిన నేలలో పండినవి కావని చూపాలి, తోట ఎక్కడుందో లొకేషన్ వివరాలు ఇవ్వాలి. అమలు తేదీ ఒకటికి రెండుసార్లు వాయిదా పడింది, కానీ రైతుల తోటల వివరాలు సేకరించడానికి నెలలు పడుతుంది కాబట్టి ఒప్పందంలోనే అడిగేయండి.

ఎన్నాళ్లు అంటే, ఒప్పందం సంతకం నుంచి మీ గోదాం దాకా మూడు నుంచి ఐదు నెలలు వేసుకోండి. ఇథియోపియాలో కోత సుమారు అక్టోబర్ నుంచి జనవరి దాకా ఉంటుంది. ఆరబెట్టి, పొట్టు తీసి, గ్రేడ్ చేసి, ఎగుమతి అనుమతులు అయ్యేసరికి కొత్త సంవత్సరంలో కొన్ని వారాలు గడుస్తాయి. ఇథియోపియాకు సముద్రతీరం లేదు. సరుకు జిబూటి పోర్టుకు లారీలోనో, అడిస్ అబాబా నుంచి వచ్చే రైలులోనో చేరాలి. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో ఓడల మీద దాడులు మొదలయ్యాక చాలా కంపెనీలు ఆఫ్రికా కొసన కేప్ ఆఫ్ గుడ్ హోప్ చుట్టి వెళ్లాయి. జిబూటి ఎర్ర సముద్రపు దక్షిణ ముఖద్వారమైన ఇరుకు జలసంధి పక్కనే ఉంది. అందుకే "ఫలానా నెలలో షిప్‌మెంట్" అని ఒప్పందంలో రాసి, ఆ నెల దాటితే మీకు రద్దు చేసుకునే హక్కు ఎప్పుడు వస్తుందో కూడా రాయించండి.

ఇక ఖర్చు. 20 అడుగుల కంటైనర్‌లో 60 కిలోల బస్తాలు 320 పడతాయి, అంటే 19,200 కిలోలు. పౌన్లలో దాదాపు 42,329. ఇథియోపియా పండించే అరబికా రకం కాఫీ ధర న్యూయార్క్ మార్కెట్‌లో పౌనుకు సెంట్లలో నడుస్తుంది. కాబట్టి ఒక్క సెంటు మారితే మీ కంటైనర్ ధర 423 డాలర్లు మారుతుంది. 2025 ఫిబ్రవరిలో ఆ ధర పౌనుకు 4 డాలర్లు దాటింది. మీ ధర ఫిక్స్ అయిందా, లేక తర్వాత ఒక రోజు మార్కెట్ ధరను బట్టి ఫిక్స్ చేస్తారా అన్నది స్పష్టంగా లేకపోతే టెన్షన్ మీకే. ధర పెరిగినప్పుడు పాత రేటుకు సరుకు ఇవ్వకుండా తప్పుకునేవాళ్లు అన్నిచోట్లా ఉంటారు, సంతకం ఉన్న ఒప్పందం అప్పుడే పనికొస్తుంది.

ఎఫ్‌ఓబీ జిబూటి అంటే ఓడ ఎక్కేదాకా ఖర్చు ఆయనది, ఓడ కిరాయి, ఇన్సూరెన్స్ మీవి. సీఐఎఫ్ అంటే ఆ రెండూ ఆయనే కడతారు, కానీ ఇలాంటి షరతులకు అర్థం చెప్పే అంతర్జాతీయ నియమాలు ఇన్‌కోటర్మ్స్ 2020 ప్రకారం ఆయన తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ కనీస స్థాయిది, క్లాజ్ సి. అందులో దొంగతనం ఉండదు, కంటైనర్ లోపల చెమ్మ పట్టి గింజలు బూజు పడితే రాదు. ఎక్కువ నష్టాలకు వర్తించే క్లాజ్ ఎ కావాలని రాయించండి, లేదా ఎఫ్‌ఓబీలో కొని మీరే తీసుకోండి. ఇన్సూరెన్స్ లేకుండా మాత్రం తెప్పించకండి. 2021 మార్చిలో సూయజ్ కాలువలో ఎవర్ గివెన్ ఓడ ఇరుక్కున్నాక, ఓడ యజమాని జనరల్ యావరేజ్ ప్రకటించారు. అంటే ఓడను కాపాడిన ఖర్చులో సరుకు యజమానులు కూడా వాటా భరించాలి, దానికి గ్యారంటీ ఇస్తేనే కంటైనర్ వదులుతారు. ఇన్సూరెన్స్ ఉన్నవారికి ఆ గ్యారంటీని ఇన్సూరెన్స్ కంపెనీ ఇస్తుంది. లేనివారు సొంత డబ్బు డిపాజిట్ పెట్టాలి.

వీటి మీద సుంకం, పోర్టు హ్యాండ్లింగ్, బ్రోకర్ ఫీజు, ల్యాబ్ పరీక్ష, బ్యాంకు చార్జీలు, లారీ కిరాయి కలుపుకోండి. కొన్ని దేశాలు సుంకాన్ని సీఐఎఫ్ విలువ మీద, కొన్ని ఎఫ్‌ఓబీ విలువ మీద లెక్కిస్తాయి. పోర్టులో కంటైనర్‌కు ఎన్ని ఉచిత రోజులు ఇస్తారో షిప్పింగ్ లైన్‌ను బుకింగ్ సమయంలోనే అడిగి, ఎక్కువ రోజులు బేరమాడండి. దిగాక అడిగితే ఇవ్వరు.

కంటైనర్ మీ గోదాం ముందుకు వచ్చిన రోజు తొందరపడి తలుపు తీయకండి. సీల్ నంబర్ బిల్ ఆఫ్ లేడింగ్‌తో కలిసిందో లేదో చూసి ఫొటో తీయండి, తలుపు తెరిచాక పైకప్పు, గోడలు, పైవరస బస్తాలు ఫొటో తీయండి. తడి మరకలు, బూజు వాసన ఉంటే దింపడం ఆపి ఇన్సూరెన్స్ సర్వేయర్‌ను పిలవండి. బస్తాలు తూకం వేయండి. పైన చెప్పిన నమూనా ఒప్పందాల్లో దారిలో తగ్గే బరువుకు అర శాతం దాకా మినహాయింపు ఉంటుంది, అంతకు మించి తగ్గితే అమ్మినవారిని అడగవచ్చు. నాణ్యత మీద ఫిర్యాదుకు గడువు వారాల్లోనే ముగుస్తుంది, మీ ఒప్పందంలో ఆ తేదీ చూసి క్యాలెండర్‌లో రాసుకోండి. ఓడ కంపెనీకైతే గడువు ఇంకా తక్కువ. ఓడ రవాణాలో సరుకు నష్టం బాధ్యత గురించి చాలా దేశాలు పాటించే హేగ్ విస్బీ నియమాల ప్రకారం, పైకి కనిపించని నష్టం ఉంటే సరుకు అందిన మూడు రోజుల్లో రాతపూర్వకంగా తెలియజేయాలి, దావా వేయాలంటే ఏడాదిలోపే వేయాలి. నోటీసుకు లాయర్ అక్కర్లేదు. కంటైనర్ నంబర్, బిల్లు నంబర్, ఏం నష్టం కనిపించిందో నాలుగు వాక్యాలు రాసి, ఫొటోలు జతచేసి ఆ రోజే మెయిల్ పంపండి.